సన్మానపత్రం రాసేవారికి ఆంధ్రభారతి నిఘంటు శోధన

మా పాఠశాలలో ఎవరు పదవీ విరమణ చేసినా సన్మానపత్రం రాసే బాధ్యత తెలుగు ఉపాధ్యాయురాలినైన నాదే. నాకు ఎంతో ఇష్టమైన పని ఇది. ఒక మనిషి జీవితకాలపు శ్రమను ఒక్క పేజీలో చెప్పాలి. అది చదివేటప్పుడు ఆ మనిషి వేదిక మీదే కూర్చుని వింటుంటారు. అందుకే రాసిన ప్రతి విశేషణం వారికి అతకాలి.

ఈ పనికి అంగట్లో నమూనాల పుస్తకాలు దొరుకుతాయి. అలాంటిదొకటి నా దగ్గరా ఉంది. దాన్ని తెరిస్తే అందరూ మృదుభాషులే, అందరూ నిగర్వులే, అందరూ విద్యార్థుల పాలిటి కల్పవృక్షాలే. ఎవరి పేరు పెట్టినా సరిపోయే పత్రం ఎవరినీ గౌరవించదని నా నమ్మకం. కాబట్టి మాటలు నేనే వెతుక్కుంటాను, ఎక్కువగా ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లోని నిఘంటు శోధనలో. రుసుమేమీ లేదు. ఒక మాట ఇస్తే 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటివి ఆ మాటకు ఏమి చెప్పాయో ఒకదాని కింద ఒకటిగా చూపిస్తుంది. నాకు దీనిలో అన్నిటికంటే విలువైనది ఇదే. ఒక్క నిఘంటువు చూస్తే అర్థం తెలుస్తుంది. నాలుగు పక్కపక్కన చూస్తే ఆ మాట బరువు తెలుస్తుంది.

'మన్నించు' అని వెతికి చూడండి. ఇప్పుడు మనం దాన్ని క్షమించడానికే ఎక్కువగా వాడుతున్నాం. కానీ దానికి గౌరవించడం అనే అర్థం కూడా ఉంది. 'నా మాట మన్నించి వచ్చారు' అనే పెద్దల నోట అదింకా బతికే ఉంది. 'మన్నన' కూడా అంతే. మా పాఠశాల ఆయమ్మ పదవీ విరమణకు పత్రం రాస్తున్నప్పుడు 'మహోన్నత', 'మహనీయ' వంటివన్నీ పక్కన పెట్టి, 'మూడు తరాల పిల్లల మన్నన పొందిన ఓర్పు' అని రాశాను. ఆమె పిల్లలకు ముక్కు తుడిచింది, జడలు వేసింది, ఏడ్చేవారిని ఎత్తుకుని తిప్పింది. ఆ పనులకు సంస్కృత సమాసాలకంటే మెచ్చదగిన, కొనియాడదగిన, దొడ్డ మనసు, మేటి వంటి తెలుగు మాటలే దగ్గరగా ఉన్నాయి.

అయితే నిఘంటువు ఎంత గొప్పదైనా అర్థం దగ్గర ఆగిపోతుంది. ఎవరు ఎవరిని ఆ మాట అనవచ్చో మనమే చూసుకోవాలి. శ్లాఘనీయం, ప్రశంసనీయం, స్తుత్యం అన్నీ పొగడదగినది అనే చెబుతాయి. నేటి వచనంలో ఇవి పని మీద, కృషి మీద, ప్రయత్నం మీద చక్కగా కూర్చుంటాయి. 'ఆయన శ్లాఘనీయుడు' అంటే మాత్రం చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. 'అభినందనీయులు' మనుషులకూ చెల్లుతుంది, కానీ సాటివారో పెద్దవారో అనాలి. శిష్యుడు గురువును అభినందనీయులు అంటే వరుస తప్పినట్టే. ఆ చోట 'పూజ్యులు', 'వందనీయులు' కావాలి. 'గౌరవనీయులైన' అనేది ఎక్కువగా కుర్చీని చూసి అనే మాట. ప్రధానోపాధ్యాయుడికి సెలవు చీటీ రాసే పిల్లవాడు కూడా అదే రాస్తాడు. అందులో తప్పు లేదు, కానీ ఒక మనిషి మీద మనకున్న ప్రత్యేకమైన గౌరవాన్ని అది మోయలేదు. ఇక 'చిరస్మరణీయులు' అన్నది ఎదుట కూర్చున్న మనిషికి వాడకండి, సంస్మరణ సభలా వినిపిస్తుంది. 'చిరస్మరణీయమైన సేవ' అంటే ఇబ్బంది లేదు.

ఇంకా జాగ్రత్త పడవలసినవి రంగు మారిన మాటలు. ప్రబుద్ధుడు అంటే మేలుకొన్నవాడు, తెలివి పొందినవాడు. నిఘంటువు చూసి ఎవరైనా మనసారా వాడబోతారు. కానీ ఇప్పుడు 'ఎవడో ప్రబుద్ధుడు' అంటే తిట్టే. 'ఘనత వహించిన' ఒకప్పుడు ప్రభుత్వాలకూ రాజులకూ రాసిన గౌరవ వాచకం. నేడు పత్రికల్లో అది కనిపిస్తే వెనక ఒక చురక ఉండే అవకాశమే ఎక్కువ. 'పెద్దమనిషి' రెండు వైపులా పలుకుతుంది. 19వ శతాబ్దపు నిఘంటువు ఈ మార్పులు చెప్పాలని అడగడం న్యాయం కాదు. అందుకే కొత్త విశేషణం ఏది దొరికినా, పత్రంలోకి ఎక్కించే ముందు సహోద్యోగులిద్దరికి వాక్యంలో పెట్టి వినిపిస్తాను. వారి ముఖంలో నవ్వు మెదిలితే ఆ మాట తీసేస్తాను.

అక్షరదోషాలకు కూడా ఈ శోధన బాగా ఉపయోగపడుతుంది. స్మరణీయ, ఆదరణీయ, అనుకరణీయ, ఆచరణీయలలో 'ణ' ఉండాలి. వందనీయ, శ్లాఘనీయ, అభినందనీయలలో 'న' ఉండాలి. సంస్కృతంలో ముందున్న రకారం, షకారం వల్ల న కాస్తా ణ అవుతుంది. మధ్యలో శ, స వంటివి అడ్డుపడితే అవదు. అందుకే 'ప్రశంసనీయ'లో ర ఉన్నా న మారలేదు. 'గౌరవనీయ' ఈ సూత్రానికి లొంగదు, అయినా తెలుగులో అలాగే స్థిరపడింది. అచ్చువేసి, చట్రం కట్టించి గోడకు తగిలించే కాగితం కదా, ఈ చాదస్తం ఉండవలసిందేనని నా అభిప్రాయం.

కొత్తగా వాడేవారికి ఒక మాట. పాత నిఘంటువుల్లో పదాలు ము అంతంగా ఉంటాయి కాబట్టి 'గౌరవం' బదులు 'గౌరవము' అని కూడా వెతకండి. అరసున్నలు, బండి ఱలు కనిపిస్తే కంగారు పడకండి, రెండు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది.

తెలుగు రాసే ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా మరొకరిని గురించి నాలుగు మంచి మాటలు రాయవలసిన వారికి, దీన్ని గట్టిగా సిఫారసు చేస్తున్నాను. మర్యాద మాటలకు 'గురువులకు', 'సాటివారికి', 'చిన్నవారికి', 'వెటకారంగా మారింది' అని గుర్తులు పెట్టిన కొత్త నిఘంటువు ఒకటి ఎవరైనా తయారు చేస్తే, దాన్ని మా పాఠశాల గ్రంథాలయానికి కొనిపించే పూచీ నాది.