రెండున్నర అంగుళాలు కోయించాకే ఈ విండ్‌షీల్డ్ నాకు పనికొచ్చింది

ఈ పొడుగు విండ్‌షీల్డ్‌ని, అంటే గాలిని ఆపే ముందు అద్దాన్ని, నా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బండికి పెట్టించి రెండున్నరేళ్ళు దాటింది. అరకు, శ్రీశైలం, హంపి, మధ్యలో లెక్కలేనన్ని కాకినాడ, భీమవరం తిరుగుళ్ళు, అన్నీ కలిపి 22,000 కిలోమీటర్లు దీని వెనకే కూర్చున్నాను. మొదటి నెలలో ఎవరడిగినా "ఆలోచించకుండా కొనెయ్యండి" అని చెప్పాను. ఇప్పుడు ఆ మాట అలాగే చెప్పలేను. అప్పుడు చెప్పించుకున్నవాళ్ళు ఇది కూడా చదవాలని రాస్తున్నాను.

ముందు అంతగా ఎందుకు నచ్చిందో చెప్తాను. బండితో వచ్చిన కంపెనీ అద్దంతో నాకు గొడవేమీ లేదు, ఛాతీ మీది గాలిని బాగానే ఆపేది. నాది ఐదడుగుల ఎనిమిదంగుళాల ఎత్తు. రావులపాలెంలో హైవే ఎక్కి 80 పట్టానంటే గాలి సరిగ్గా హెల్మెట్‌కి వచ్చి కొట్టేది. తుని చేరేసరికి మెడ పట్టేసేది. విశాఖలో బండి దిగి గంటైనా చెవుల్లో హోరు తగ్గేది కాదు. పొడుగు అద్దం పెట్టించాక అదే రోడ్డు మీద అదే స్పీడులో వెళ్తుంటే వెనక కూర్చున్న మా ఆవిడ మామూలు గొంతుతో మాట్లాడింది, నాకు వినపడింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో బండి మీద గొంతు చించుకోకుండా కబుర్లు చెప్పుకున్నది ఆ రోజే. 2,800 రూపాయలకి ఇంతకంటే ఏం కావాలి అనిపించింది.

ఆ తర్వాత నవంబరు వచ్చింది.

కాకినాడలో పని చూసుకుని సాయంత్రం ఇద్దరం ఇంటికి వస్తున్నాం. తుఫాను కబురుంది. యానాం దాటి ఎదుర్లంక వంతెన ఎక్కేసరికి సన్నగా తుంపర మొదలైంది. గౌతమి గోదావరి మీద గాలి పక్కనుంచి కొడుతుంది. అద్దం ఎంత పెద్దదైతే అంత తెరచాపలా పనిచేస్తుంది, హ్యాండిల్ పక్కకి గుంజేస్తుంది. అది తెలిసిందే కాబట్టి నెమ్మదిగా దాటాను. అసలు కష్టం వంతెన దిగి చేల మధ్యకి వచ్చాక మొదలైంది. దీపాలకు ముసిరే పచ్చదోమ హెడ్‌లైట్ వెలుగుకి వచ్చి అద్దానికి కొట్టుకుని చితికిపోతోంది. దాని మీద తుంపర పడి జిడ్డులా పరుచుకుంది. దానికి తోడు, రోజూ పొడిగుడ్డతో తుడిచిన పాపానికి అప్పటికే అద్దం నిండా సన్నగీతలున్నాయి. ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చింది. దాని లైట్లు పడగానే అద్దమంతా తెల్లగా వెలిగిపోయింది. ప్రతి చుక్క దగ్గరా, ప్రతి గీత దగ్గరా ఓ దీపం. రోడ్డు మాత్రం లేదు.

కారుకి వైపర్ ఉంటుంది. హెల్మెట్ వైజర్‌ని చేత్తో తుడుచుకుంటాం. ఈ అద్దం నడుస్తున్న బండి మీద చేతికి అందదు. దీని పై అంచు నా కనుబొమల ఎత్తులో ఉంది కాబట్టి దాని మీదుగా చూడటానికీ లేదు. ఏం తోచక ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడ్డాను. అప్పుడు కనపడింది, పాతిక గజాల దూరంలో సగం రోడ్డు ఆక్రమించి ధాన్యం రాశి. వాన వస్తుందని ఆరబోసిన వడ్లు పోగుచేసి, నల్ల బరకం కప్పి, చుట్టూ రాళ్ళు పేర్చారు. 40 స్పీడులో ఉన్నాం కాబట్టి బండి ఆగింది. ఆగేటప్పటికి ముందు చక్రం ఓ రాయిని తాకింది. "ఏవండీ, ఏమైందండీ?" అని మా ఆవిడ భుజం పట్టుకుంది. నాకు నోట మాట రాలేదు.

రైతులను తప్పు పట్టను. కోతల రోజుల్లో మా వైపు రోడ్డే కళ్ళం. అది తెలిసిన ఊరివాణ్ణి నేను. నా కోపమంతా అద్దం అమ్మేటప్పుడు నా ఎత్తు అడగని షాపు మీద, పొడుగైతే చాలు మంచిదే అనుకున్న నా మీద. అంగుళాలు చెప్పి అమ్ముతారు. బండి మీద కూర్చుంటే ఆ అంచు మన కళ్ళకి ఎక్కడికొస్తుందో ఎవరూ చెప్పరు.

తీసేసి పాతదే పెట్టేద్దామనుకున్నాను. ముందొకసారి కోయించి చూద్దామని అమలాపురంలో నంబర్ ప్లేట్లు, షాపుల బోర్డులు చేసే ఒకాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన అద్దాన్ని రెండు చేతులా పట్టుకుని కాస్త వంచి చూశాడు.

"ఇది అక్రిలిక్ కాదండి, పాలికార్బనేట్. అక్రిలిక్ అయితే పెళుసండి, కోసేటప్పుడు అంచు పెచ్చులు లేచిపోద్ది. దీనికా భయం లేదండి. ఎంత కోయమంటారు?"

నేను తెల్లమొహం వేశాను.

"ఆయ్, అయితే బండెక్కి కూర్చోండి. అమ్మగారు కూడా వత్తారు కదండీ ఊళ్ళకి? రేపు ఆవిణ్ణి కూడా తీసుకురండి."

ఆ మాట విలువ మర్నాడు తెలిసింది. వెనక మనిషి కూర్చుంటే బండి వెనక భాగం దిగుతుంది, ముందు అద్దం కొంచెం పైకి లేస్తుంది. ఒక్కణ్ణే కూర్చుని కొలిచి ఉంటే లెక్క తప్పేది. హెల్మెట్, జాకెట్ వేసుకుని, వీపు నిటారుగా పెట్టకుండా రెండు గంటలు నడిపాక ఎలా కూర్చుంటామో అలా కూర్చోమన్నాడు. ఇరవై మీటర్ల అవతల ఉన్న రోడ్డు టేపు పైనుంచి నాకు నేరుగా కనపడేదాకా మాస్కింగ్ టేపు కిందికి జరుపుతూ పోయాడు. టేపు నా ముక్కు కొన ఎత్తుకి వచ్చి ఆగింది. కొలిస్తే రెండున్నర అంగుళాలు. టేపు మీదుగా సన్నపళ్ళ బ్లేడుతో కోసి, అంచుని తడిపి వాడే గరుకు కాగితంతో నున్నగా రుద్ది ఇచ్చాడు. 150 రూపాయలు తీసుకున్నాడు.

చూపు సంగతి ఆ రోజుతో తేలిపోయింది. ఇప్పుడు వాన పడినా, పురుగులు పడినా అద్దం మీదుగానే చూస్తాను. ఎదురు లైట్లంటే ఉన్న టెన్షన్ పోయింది. ఈ ఒక్క సుఖం కోసమే ఇంత రాస్తున్నాను.

కాకపోతే హెల్మెట్ ఊగడం మళ్ళీ మొదలైంది, కంపెనీ అద్దంతో ఉన్నంత కాకపోయినా. దానికి మందు అనుకోకుండా దొరికింది. మా సముద్రపు గాలికి బోల్టులు ఏడాదికే తుప్పు పట్టాయి. తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు తెచ్చి వేస్తుంటే సరిపడా రబ్బరు వాషర్లు లేక మందపాటివి పెట్టాను. అద్దం కింది అంచు దగ్గర వేలు పట్టేంత సందు వచ్చింది. మర్నాడు రాజమండ్రి వెళ్తుంటే తల కదలడం లేదు! అద్దం వెనక గాలి ఒత్తిడి తక్కువగా ఉంటుంది, అందుకే పై అంచు దాటిన గాలి సుడులు తిరుగుతూ అక్కడికి దిగి హెల్మెట్‌ని కుదుపుతుంది. కింది సందులోంచి కొంత గాలి వస్తే ఆ ఖాళీ నిండి సుడి జోరు తగ్గుతుంది. కొత్త అద్దం కొనే ముందు మీకున్న అద్దానికే వాషర్లు మార్చి చూడండి. బోల్టులు బలంగా బిగించొద్దు, రంధ్రం దగ్గర పగులు వస్తుంది. బోల్టు వదలకుండా పూసే గమ్ము కూడా పాలికార్బనేట్‌కి తగలనివ్వొద్దు, అదీ పగుళ్ళు తెస్తుంది. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్, పెట్రోలు దగ్గరికి రానివ్వొద్దు. తడిపిన పాత పంచె ముక్క పది నిమిషాలు కప్పి ఉంచితే ఎండిన పురుగులు మెత్తబడి వాటంతటవే వచ్చేస్తాయి. ఇది నాకు మొదటి రోజే తెలిసుంటే ఆ గీతలు పడేవి కావు.

ఆ సందులోంచి వానాకాలం నీళ్ళు పొట్ట మీదికి వస్తాయి. రెయిన్‌కోటు ఉంటుంది కాబట్టి సర్దుకున్నాను. ఎండాకాలం మాత్రం సర్దుకోలేకపోయాను. మే నెల ఉక్కలో ఛాతీకి గాలి తగలకపోతే రాజోలు వెళ్ళొచ్చేసరికి చొక్కా పిండుకోవాలి. అందుకని ఏప్రిల్‌లో దీన్ని విప్పి కంపెనీది పెడతాను, వానలు పడ్డాక మళ్ళీ మారుస్తాను. మొదటి నెల మెచ్చుకోలులో ఈ సంగతి లేదు. నేను కొన్నది డిసెంబరులో.

కాబట్టి నా ఎత్తువాళ్ళకి, నెలకోసారైనా హైవే ఎక్కి 80, 90లో వెళ్ళేవాళ్ళకి కొనమనే చెప్తాను, కోయించుకునే ఓపిక ఉంటే. ఆరడుగులవాళ్ళకి కోయకుండానే సరిపోవచ్చు. ఊళ్ళో తిరుగుడుకైతే అక్కర్లేదు. మా ఆవిడకి మాత్రం కోయకముందే బాగుంది. ఆవిడ సీటు నాకంటే ఎత్తు, ఇప్పుడు గాలి మళ్ళీ ఆవిడ హెల్మెట్‌కి తగులుతోంది. విశాఖ దారిలో మా కబుర్లు అన్నవరం దాకానే, ఆ తర్వాత ఆవిడ మాట్లాడటం మానేస్తోంది. దానికింకా దారి దొరకలేదు.