సిలికా పూత మాగ్నెటిక్ బీడ్స్‌తో డీఎన్ఏ కిట్: వాడి చూశాక

మిరప, వరి, బెండ ఆకుల నుంచి డీఎన్ఏ తీయడానికి మా ప్రయోగశాలలో కొంతకాలంగా ఒక దేశీయ సంస్థ తయారుచేసే మాగ్నెటిక్ బీడ్స్ (అయస్కాంతం లాగగలిగే సూక్ష్మ గింజలు) కిట్ వాడుతున్నాం. అంతకుముందు సీటాబ్ అనే డిటర్జెంటు, క్లోరోఫాం వాడే పద్ధతే మాకు దిక్కు. ఈ కిట్ కొనవచ్చా అని తోటి అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు తరచూ అడుగుతున్నందున దీని మంచిచెడ్డలు వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఇలాంటి కిట్‌లో మనం అసలు ధర చెల్లించేది ఐరన్ ఆక్సైడ్ గింజల చుట్టూ ఉన్న సిలికా పూతకు. కాబట్టి కొనేముందు పరీక్షించవలసింది ఆ పూతనే.

సీసాలో ఉండేది ముదురు గోధుమరంగు ద్రవం. నిలవ ఉంచితే బీడ్స్ అడుగుకు దిగుతాయి, కాసేపు తిప్పితే మళ్లీ సమంగా కలుస్తాయి. ఒక్కో బీడ్ లోపల మాగ్నెటైట్ అనే ఐరన్ ఆక్సైడ్ నానోకణాలు గుత్తిగా ఉంటాయి. ఆ కణాల పరిమాణం సుమారు 20 నానోమీటర్ల లోపు ఉంటే, అయస్కాంతం దగ్గర పెట్టినప్పుడు బలంగా లాగబడి, దాన్ని తీసేయగానే అయస్కాంత గుణాన్ని పూర్తిగా వదిలేస్తాయి. అందువల్లే బీడ్స్ ఒకదానికొకటి అతుక్కోకుండా మళ్లీ ద్రవంలో చెదిరిపోతాయి. అయితే పూత లేని మాగ్నెటైట్‌తో ఈ పని సాగదు. తటస్థంగా ఉన్న నీటిలో దాని ఉపరితలం మీద విద్యుదావేశం దాదాపు ఉండదు కనుక కణాలు ముద్దకడతాయి, గాలి తగిలితే ఆక్సీకరణం చెందుతాయి, కరిగి బయటికి వచ్చిన ఇనుము పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కకు అనేక ప్రతులు తీసే ప్రక్రియలో) ఎంజైమును అడ్డుకుంటుంది. సిలికా ఉపరితలం మాత్రం పీహెచ్ 3 దాటితే రుణావేశంతో ఉంటుంది కాబట్టి బీడ్స్ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా నిలుస్తాయి. పైగా గ్వానిడిన్ లవణం గాఢంగా ఉన్న ద్రవంలో డీఎన్ఏ ఈ సిలికాకే అంటుకుంటుంది, లవణం తక్కువగా ఉన్న బఫర్‌లో విడిపోతుంది. గ్వానిడిన్ థయోసయనేట్, సిలికా కలిపి వాడే ఈ పద్ధతిని 1990లో నెదర్లాండ్స్‌కు చెందిన బూమ్ బృందం ప్రచురించింది. 2020లో కోవిడ్ పరీక్షల కోసం ఆర్‌ఎన్‌ఏ వేరుచేసిన యంత్రాల్లో చాలావరకు పనిచేసిన సూత్రం ఇదే.

పూత వేయడానికి సాధారణంగా అనుసరించేది 1968లో స్టోబర్, ఫింక్, బోన్ వివరించిన పద్ధతి. ఆల్కహాల్, నీరు, అమోనియా కలిసిన ద్రవంలో టీఈఓఎస్ అనే సిలికాన్ సమ్మేళనాన్ని నెమ్మదిగా చేరుస్తే, అది విచ్ఛిన్నమై కణాల మీద పొరగా పేరుకుంటుంది. ఇక్కడే తయారీదారు ఒక నిర్ణయం తీసుకోవాలి. పొర పలచగా ఉంటే అయస్కాంతం చురుగ్గా లాగుతుంది గానీ ఇనుము బయటపడే ప్రమాదం పెరుగుతుంది. పొర మందంగా ఉంటే ఇనుము భద్రంగా ఉంటుంది గానీ, సిలికాకు అయస్కాంత గుణం లేనందున బరువుతో పోల్చితే అయస్కాంత బలం తగ్గి, బీడ్స్ గోడకు చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. ఈ కిట్ రెండో దారి ఎంచుకున్నట్టు కనిపిస్తుంది. ట్యూబును అయస్కాంతం ఉన్న స్టాండులో పెట్టాక ద్రవం తేటపడడానికి కాస్త ఓపిక కావాలి. తొందరపడి పిపెట్‌తో లాగేస్తే గోధుమరంగు చార పైకి వచ్చేస్తుంది. డీఎన్ఏ శుద్ధంగా రావడం ముఖ్యం కాబట్టి ఈ ఆలస్యాన్ని నేను లోపంగా లెక్కించను.

పూత నాణ్యతను ఎవరైనా తేల్చుకోగల పరీక్ష ఒకటి ఉంది. సీసాను బాగా కలిపి కొద్దిగా బీడ్స్ తీసి, నీటితో కడిగి, ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాత్రంతా ఉంచాలి. మర్నాడు బీడ్స్‌ను అయస్కాంతంతో పక్కకు లాగి, పైనున్న తేట ద్రవంలో పొటాషియం థయోసయనేట్ చుక్కలు వేయాలి. ఇనుము కారి ఉంటే ద్రవం ఎర్రబడుతుంది; ఫెర్రిక్ అయాన్ గుర్తించడానికి ఇంటర్ ప్రయోగశాలలో చేసేది ఇదే పరీక్ష. ఆమ్లంలోనే ఇనుము మలినంగా ఉండవచ్చు గనుక, బీడ్స్ వేయని ఆమ్లాన్ని మరో ట్యూబులో పెట్టి పోల్చడం తప్పనిసరి. ఈ తరహా సిలికాలో సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి లేత గులాబీ రంగును క్షమించవచ్చు. మేము మొదట కొన్న సీసా ఇలాగే లేత రంగుతో నిలబడింది. తర్వాతి లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) సీసా మాత్రం చిక్కటి ఎరుపు చూపింది; ఆ బీడ్స్‌తో తీసిన డీఎన్ఏ నీటితో పలుచన చేస్తే తప్ప పీసీఆర్‌లో పట్టీలు (డీఎన్ఏ ప్రతులు వచ్చాయనే గుర్తులు) రాలేదు. సంస్థ ఆ సీసాను మార్చి ఇచ్చింది, కానీ లాట్‌కూ లాట్‌కూ ఇంత తేడా ఉండకూడదు.

ఫలితాల విషయానికి వస్తే, వరి ఆకులతో ఈ కిట్ నిస్సందేహంగా బాగుంది. 260, 280 నానోమీటర్ల కాంతి శోషణ రీడింగుల నిష్పత్తి 1.8 చుట్టూ వస్తోంది; శుద్ధమైన డీఎన్ఏకు ఉండవలసింది అంతే. మిరపలో లేత ఆకులైతే సమస్య లేదు, ముదురు ఆకులైతే లైసిస్ బఫర్‌కు (కణాలను పగలగొట్టే ద్రవానికి) పీవీపీ (ఆకులోని ఫినాల్స్‌ను పట్టుకునే పాలిమర్) కలుపుకోవాలి. బెండ ఆకు జిగురుకు మాత్రం ఇది చాలదు: బీడ్స్ జిగురులో చిక్కుకుని తీగలా సాగుతాయి, వాష్ బఫర్‌లో కూడా విడిపోవు. బెండకు మేము ఇప్పటికీ సీటాబ్‌తోనే మొదలుపెడుతున్నాం. ఇథనాల్ వాష్ తర్వాత బీడ్స్‌ను పగుళ్లు వచ్చేంతగా ఆరనిస్తే డీఎన్ఏ సరిగా వదలదని కూడా గమనించాలి. పైన మెరుపు పోగానే ఎల్యూషన్ బఫర్ (బీడ్స్ నుంచి డీఎన్ఏను విడిపించే ద్రవం) వేయడం మంచిది.

కిట్‌తో వచ్చే సూచనల కాగితం నిరాశపరుస్తుంది. బీడ్ పరిమాణం, పూత మందం, పీహెచ్ పరిమితి ఏవీ అందులో లేవు. గాఢమైన క్షారంలో సిలికా కరిగిపోతుంది గనుక, వాడిన బీడ్స్‌ను సోడియం హైడ్రాక్సైడ్‌తో కడిగి మళ్లీ వాడదామనుకునేవారికి ఆ హెచ్చరిక చాలా అవసరం. లైసిస్ బఫర్ మిగిలిన ట్యూబుల్లో బ్లీచింగ్ ద్రావణం పోస్తే హైడ్రోజన్ సయనైడ్ వంటి విషవాయువులు వెలువడతాయన్న సంగతి చిన్న అక్షరాల్లో ఒక మూలన ఉంది. విద్యార్థులు పనిచేసే చోట అది డబ్బా మీదే పెద్దగా ఉండాలి. ఒకసారి ఐస్ జెల్‌కు ఆనుకుని వచ్చిన సీసా లోపల గడ్డకట్టింది. ఒకసారి గడ్డకట్టిన బీడ్స్ ఎంత తిప్పినా ఇసుకరవ్వల్లా మిగిలిపోతాయి కాబట్టి, పార్సిల్ విప్పిన వెంటనే సీసాను వెలుతురులో చూసి, రవ్వలు కనిపిస్తే అప్పుడే తిప్పి పంపాలి.

వరి, మొక్కజొన్న వంటి పంటల మీద ఎక్కువ నమూనాలతో పనిచేసేవారికి ఈ కిట్‌ను సిఫారసు చేస్తాను. ఏడాదికి కొద్దిపాటి నమూనాలే ఉన్న కళాశాలలకు ధర భారమవుతుంది. కొనేవారు ముందు చిన్న సీసా తెప్పించి, ఆమ్ల పరీక్ష చేసి, నచ్చితే అదే లాట్ నంబరుతో పెద్ద సీసా ఇవ్వమని ఆర్డరులోనే రాయండి. అలా అడిగినప్పుడు ఈ సంస్థ మాకు కాదనలేదు.