పోచంపల్లి నేతకు ఉమ్మడి షెడ్డు: మగ్గాలన్నీ ఒకచోట పెట్టాలా, రంగులూ పడుగులూ పెడితే చాలా?

చేనేత ఊళ్లో ఉమ్మడి షెడ్డు కట్టాలనే మాట రాగానే ఇంజనీరు గీసే ప్లాను దాదాపు ఒకటే. పొడవాటి హాలు, పైన రేకులు, లోపల రెండు వరసల్లో మగ్గాలు, గేటు పక్కన ఆఫీసు గది, షోరూము. కట్టడం తేలిక. ప్రారంభోత్సవం ఫొటోలోనూ బాగుంటుంది. రెండో పద్ధతిని అడిగేవాళ్లు తక్కువ: మగ్గం ఇంట్లోనే ఉంటుంది, రంగులద్దకం, పడుగు (చీర పొడవునా సాగే పోగులు) సాగదీయడం, ఆసు పోయడం (అడ్డపోగు నూలును మేకుల చుట్టూ తిప్పి డిజైనుకు సిద్ధం చేయడం) లాంటి పనులకు మాత్రం ఊరంతటికీ కలిపి ఒక చోటు. యాదాద్రి భువనగిరి జిల్లాలో భూదాన్ పోచంపల్లి, పుట్టపాక వైపు పని నడిచే తీరు చూస్తే నా ఓటు ఈ రెండోదానికే.

ఇక్కడ చీర మగ్గం మీద పుట్టదు. దానికి ముందే నూలును ఆసు మీద పోసి, డిజైను ప్రకారం గుర్తులు పెట్టి, సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగులో ముంచుతారు. ఈ పనుల్లో చాలావాటికి ఆడవాళ్ల చేతులే ఆధారం. ఆసు పోయడమైతే ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాల్సిన పని. తల్లి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. భార్య ఒక గదిలో కండెలు (అడ్డపోగు నూలు చుట్టే చిన్న గొట్టాలు) చుడుతుంటే భర్త పక్క గదిలో నేస్తాడు. పోగు తెగితే పిలుస్తాడు, ఆమె వచ్చి అతుకుతుంది. మగ్గాన్ని ఊరి చివరి హాలుకు తరలిస్తే ఈ ఏర్పాటు రెండు ముక్కలవుతుంది. ఆమె హాలుకు వెళ్తే పిల్లలు, వంట ఎవరు చూస్తారు? వెళ్లకపోతే కండెలు చుట్టడానికి కూలి మనిషిని పెట్టుకోవాలి. కనుముక్కుల దగ్గరి చేనేత పార్కులా పనులన్నీ ఒకే ఆవరణలో పెట్టడంలో సౌకర్యం లేదనను. కానీ అలాంటి చోట టైము, గేటు, కూలి లెక్క ఉంటాయి. ఇంట్లో నేసేవాళ్లు తెల్లవారుజామున రెండు గంటలు, రాత్రి భోజనం తర్వాత ఇంకో గంట నేసుకుంటారు.

వేడి సంగతి కూడా చూడాలి. గుంట మగ్గం నేలలోకి దిగి ఉంటుంది కాబట్టి ఆ గుంటలోని చెమ్మ నూలుకు మేలు చేస్తుంది. ఎండిన నూలు ఊరికే తెగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కింద మధ్యాహ్నం కూర్చుని చూడండి, పోగు సంగతి తర్వాత, మనిషే నిలవలేడు. పెంకు అయితే చల్లగా ఉంటుంది. కానీ తెలంగాణ ఊళ్లలో కోతులున్నంతకాలం పెంకు కప్పు మాట ఎవరూ వినరు, నేను కూడా పట్టుబట్టను. స్లాబులో పెంకులు ఇరికించి పోసే ఫిల్లర్ స్లాబు మధ్యేమార్గం. కాంక్రీటు తగ్గుతుంది, వేడీ కొంత తగ్గుతుంది. అది తెలిసిన మేస్త్రీ దొరకాలి.

హాలు వైపు ఉన్న న్యాయం కూడా చెప్పాలి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లను గదిలో గుంట తవ్వుకోమని ఏ ఓనరూ ఒప్పుకోడు. జాకార్డ్ (డిజైను కోసం మగ్గం పైన బిగించే యంత్రం) పెట్టాలంటే ఎత్తు కావాలి, పాత ఇళ్ల కప్పులు సరిపోవు. ఇంకో పెద్ద బాధ వాన. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి కాస్త పైకి లేస్తుంది, ఇల్లు కిందికి పోతుంది. గట్టి వాన పడితే నీళ్లు నేరుగా మగ్గం గుంటలోకే. ఆ తడి ఆరి మళ్లీ నేత మొదలయ్యేదాకా కూలి లేదు. వీళ్ల కోసం షెడ్డు పక్కనే, వీధి కన్నా రెండడుగుల ఎత్తులో, ఆరేడు మగ్గాలు పట్టే గదులు కట్టవచ్చు. గోడలు మందంగా, కిటికీలు ఉత్తరం వైపు. అంతకు మించి పెద్ద హాలు అక్కర్లేదు.

ఇక ఉమ్మడిగా నిజంగా కావలసింది రంగుల షెడ్డు. ఇప్పుడు చాలామంది పెరట్లో పొయ్యి పెట్టి రంగు కాస్తారు. పొగ ఇంట్లోకి, రంగు నీళ్లు వీధి కాలువలోకి. ఇంటింటికీ నీళ్ల శుద్ధి పెట్టడం అయ్యే పని కాదు. ఒకచోట చేరిస్తే ఆ నీటిని తొట్లలో నిలిపి శుభ్రం చేసే వీలుంటుంది. నాకైతే మొత్తం ప్రాజెక్టుకు ఈ ఒక్క కారణం చాలు. డిజైను చేసేవాళ్లు గమనించాల్సినవి చిన్న విషయాలే. నేలకు నున్నటి షాబాదు బండ వేస్తే తడిలో కాలు జారి వేడి రంగు మీద పడుతుంది, గరుకు రాయి వేయాలి. వాలు ఒకే వైపు ఉండాలి, కాలువ మీద తీసి కడిగే జాలీ ఉండాలి. ఆవిరి పోవడానికి కప్పు నడినెత్తిన సందు వదలాలి. చిలపలు (నూలు కట్టలు) ఆరేసే వెదుళ్లు నీడలో, గాలి తగిలే చోట. ఇక్కడి గాలి మగ్గాల గదుల వైపు వీచేలా ఉండకూడదు. తెల్ల పట్టు మీద రంగు తుంపర పడితే చీర పోయినట్టే.

దీనికి ఆనుకుని పొడవాటి వసారా. రంగులద్దిన పడుగును సాగదీసి, కట్లు విప్పి, పోగులు సరిచూసుకుని బీముకు (మగ్గానికి బిగించే దుంగకు) చుట్టడానికి ఇప్పటికీ వీధే దిక్కు. పొద్దున్నే పడుగు పరిచాక ఒక ట్రాక్టరు వచ్చిందంటే వీధంతా టెన్షనే. చీర ఆరు మీటర్లనుకుంటే ఏడు చీరల పడుగు మడత లేకుండా 42 మీటర్లు. అంత పొడవు హాలు కట్టక్కర్లేదు. గోడలు లేకుండా స్తంభాల మీద నిలిచే వసారా, వెడల్పు పన్నెండడుగులు, చివర రెండు వైపులా పడుగు బిగించే గట్టి గుంజలు ఉంటే చాలు. పడుగు లేని వేళ అక్కడే ఆసు యంత్రాలు నడుస్తాయి, సంఘం మీటింగూ జరుగుతుంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తించాక పోచంపల్లికి జనం రాక గురించి మాటలు పెరిగాయి. చూడటానికి వచ్చినవాళ్లకు షోరూము కన్నా ఈ వసారాయే బాగా నచ్చుతుందని నా అనుమానం.

చోటు విషయంలో మాత్రం బేరం వద్దు. ఊరికి రెండు కిలోమీటర్ల అవతల ఉచితంగా స్థలం వస్తుందని ఒప్పుకుంటే తడి నూలు మోసుకుని ఎవరూ అంత దూరం పోరు. షెడ్డు గోడౌను అవుతుంది. నేత వాడకు నడక దూరంలో ఇరుకు స్థలం దొరికినా అదే మేలు.

డబ్బు విడతలుగా వస్తే ముందు రంగుల షెడ్డు, నీళ్ల తొట్లు, తర్వాత వసారా, మూడో విడతలో అద్దె ఇళ్లవాళ్లకు మగ్గాల గదులు. షోరూము మిగిలిన డబ్బుతో చూసుకోవచ్చు. కరెంటు, నీళ్ల బిల్లు ఎవరు కడతారన్నది మాత్రం పునాది తవ్వకముందే సంఘం పుస్తకంలో రాసి సంతకాలు పెట్టించుకోవాలి.