కాకా పట్టని చోటే బాగుంది: మిస్టిక్ మెసెంజర్ రివ్యూ

ప్రేమ కథల ఆటలంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. ఏ బటన్ నొక్కినా "నువ్వు అందరిలాంటి అమ్మాయివి కాదు" అంటారు. మనం తుమ్మినా మురిసిపోతారు. అలాంటి ఫోన్ యాప్ ఒకటి ఆడాను, పేరెందుకులెండి. వానలో హీరో గొడుగు పట్టుకుని నిలబడి ఉంటాడు. గొడుగు కిందకి వెళ్లాలంటే వజ్రాలు కావాలి, థాంక్స్ చెప్పి వెళ్లిపోవడం మాత్రం ఫ్రీ. కొంటే ముద్దు, కొనకపోతే జలుబు. డబ్బులిచ్చి మరీ పొగిడించుకోవడానికి మనమేమన్నా ఎమ్మెల్యేలమా?

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. మా దగ్గర నెగటివ్ టెస్టింగ్ అని ఒకటి ఉంటుంది. కావాలనే తప్పు డేటా ఇచ్చి చూడాలి. ఫోన్ నంబర్ అడిగిన చోట మా ఊరి పేరు కొడితే, కిక్కురుమనకుండా తీసుకుని "ధన్యవాదాలు" అన్నదంటే అది బగ్. ఏ ప్రేమ ఆట చేతికొచ్చినా ముందు అదే చేస్తాను. హీరోతో పనిగట్టుకుని పుల్లవిరుపుగా మాట్లాడతాను. అయినా సిగ్గుపడి నవ్వాడంటే వాడికి నాతో పనిలేదు, నా కార్డు నంబర్ చాలు.

మిస్టిక్ మెసెంజర్‌కి ఈ పరీక్షలో ఫస్ట్ క్లాస్ వచ్చిందని చెప్పను. పాసయింది. కొన్ని చోట్ల నాకే పరీక్ష పెట్టింది.

కొరియాలో చెరిట్జ్ అనే కంపెనీ 2016లో తెచ్చిన ఆట ఇది. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది, డౌన్‌లోడ్‌కి డబ్బు అక్కర్లేదు. మామూలు విజువల్ నవలల్లో బొమ్మ, కింద మాటలు, అక్కడక్కడా మనం ఎంచుకోవాల్సిన జవాబులు ఉంటాయి. జవాబుల్ని బట్టి కథ దారి మారుతుంది, ఆ దారినే రూట్ అంటారు. ఇక్కడ అదంతా మన వాట్సాప్ గ్రూపులా నడుస్తుంది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి మెసేజ్ పట్టుకుని వెళ్లి రికా అనే ఆవిడ అపార్ట్‌మెంట్‌లో తేలతాం. ఆవిడ మొదలుపెట్టిన ఆర్ఎఫ్ఏ అనే సంఘం విరాళాల కోసం పార్టీలు చేసేది. ఇప్పుడు ఆవిడ లేదు. పదకొండో రోజు పార్టీ, అతిథుల్ని పిలిచే బాధ్యత మనది. మొదటి నాలుగు రోజులు ఎవరివైపు మొగ్గామో దాన్నిబట్టి ఐదో రోజు నుంచి వాళ్ల రూట్‌లో పడతాం.

అసలు సంగతి టైమింగ్. చాట్లు మన ఫోన్ గడియారం ప్రకారమే తెరుచుకుంటాయి. పొద్దున ఒకటి, లంచ్ టైంలో ఒకటి, అర్ధరాత్రి దాటాక ఒకటి, తెల్లవారుజామున మూడింటికి ఇంకొకటి. మధ్యలో ఫోన్ కాల్స్ కూడా వస్తాయి. నేనుండేది బెంగళూరు మారతహళ్లిలో లేడీస్ పీజీ, ముగ్గురు పడుకునే గది. ఒకరాత్రి ఫోన్ మోగింది. ఎత్తితే మగ గొంతు, కొరియన్‌లో ఏదో గోముగా మాట్లాడుతోంది. పక్క మంచం మీది కడప అమ్మాయి దుప్పట్లోంచి తల బయటపెట్టి, "ఎవరే వాడు? యే భాష అది?" అంది. గేమ్ అని చెప్తే నమ్మలేదు. "మీ అమ్మకి తెలుసా?" అని మాత్రం అడిగి అటు తిరిగి పడుకుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది చాట్ మిస్సవడం. టైం దాటిపోయాక ఆ చాట్ చదవచ్చు, మాట్లాడటానికి మాత్రం ఉండదు. ఆఫీసులో స్టాండప్ కాల్ నడుస్తుండగా తెరుచుకున్న చాట్‌ని సాయంత్రం సిల్క్ బోర్డు దగ్గర కదలని 500డీ బస్సులో చదువుకున్నాను. పిల్లి గురించి సంఘం సభ్యులు జెన్, జుమిన్ మళ్లీ వాదులాడుకున్నారు. జెన్‌కి పిల్లి బొచ్చు పడదు, జుమిన్‌కి పిల్లే ప్రాణం. ఆ గొడవకి నాతో పనిలేదు. నేను లేకపోయినా వాళ్ల రోజు గడిచింది. అదిగో, ఆ క్షణంలో వాళ్లు మనుషుల్లా అనిపించారు. మనం యాప్ తెరిచేదాకా ఊపిరి బిగబట్టి నిలబడే హీరో మీద జాలి కలుగుతుందేమో గానీ ప్రేమ పుట్టదు. ఎక్కువ చాట్లు ఎగ్గొడితే కథ చెడు ముగింపుకి పోతుంది. ఆ భయం కూడా ఉండాల్సిందే.

జెహీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పెద్ద వ్యాపార కుటుంబానికి వారసుడైన జుమిన్ దగ్గర ఆవిడ చీఫ్ అసిస్టెంట్. ఆయనగారి పిల్లి ఎలిజబెత్ ది థర్డ్‌ని చూసుకోవడం కూడా ఆవిడ డ్యూటీయే. ఓవర్‌టైం, పైన పిల్లి, దానిపైన బాసుకి కొత్తగా తట్టిన ప్రాజెక్టు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి "ఒక చిన్న పని" అని మెసేజ్ వచ్చే ఉద్యోగం చేసేవాళ్లెవరికైనా జెహీ చాట్లు చదువుతుంటే కడుపులో తిప్పుతుంది. ఆవిడకున్న ఒకే ఒక్క సరదా జెన్ నటించిన మ్యూజికల్ నాటకాల డీవీడీలు. ఆవిడ మనల్ని పొగడదు. మొదట్లో అయితే అసలు నమ్మదు. ఎవరో తెలియని మనిషి రికా ఇంట్లో కూర్చుంటే అనుమానించడమే కదా న్యాయం! మెల్లగా, ఒక్కో రాత్రి చాట్‌లో, ఈ ఉద్యోగం తనకి ఏం మిగిల్చిందో బయటపెడుతుంది. "పర్లేదు, ఓపిక పట్టు" అనాలా, "మానెయ్" అనాలా? మా అన్నయ్య ఉద్యోగం మానేస్తానన్న రోజు మా ఇంట్లో జరిగిన రభస గుర్తొచ్చి నా వేలు ఆగిపోయింది. మంచి ముగింపులో ఆవిడ రాజీనామా చేసి మనతో కలిసి కాఫీ షాపు పెడుతుంది.

నా పెద్ద ఫిర్యాదూ ఇక్కడే. మిగతా నలుగురు మగాళ్లకీ ప్రేమ రాసిన చెరిట్జ్, జెహీ దగ్గరికి వచ్చేసరికి స్నేహం అని సర్దేసింది. రాసిందంతా ప్రేమలాగే ఉంది, పేరు పెట్టడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

యూసంగ్ కాలేజీ కుర్రాడు, ఆన్‌లైన్ గేముల పిచ్చి. రికా అతనికి అక్క వరస. మాటమాటకీ మనలో ఆవిడనే చూస్తాడు. "అవును, నేనూ అలాంటిదాన్నే" అని తలూపితే అతనికి సంతోషం, మనకీ ఒక రకమైన మెప్పు. కానీ అలా తలూపుకుంటూ పోతే కథ బాగుపడదు. నేను నేనే అని అతనికి చెప్పుకోవాలి. పొగడ్తని కాదనుకుంటేనే ముందుకు కదిలే కథ ఈ తరహా ఆటల్లో అరుదు.

707 అలియాస్ సెవెన్ హ్యాకర్. గ్రూపులో జోకులన్నీ అతనివే. అతని రూట్‌లో అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ వ్యవహారం తేల్చడానికి మన దగ్గరికే వచ్చి కూర్చుంటాడు, వచ్చీరాగానే పూర్తిగా ముడుచుకుపోతాడు. ఒకే గదిలో ఉండి పలకడు, పలికితే విసుగు. అప్పటిదాకా పనిచేసిన తీపి కబుర్లేవీ అక్కడ పనిచేయవు. నెగటివ్ టెస్టింగ్ నేను చేద్దామనుకుంటే ఆటే నా మీద చేసింది.

ఇక కాకా సంగతి. మన జవాబు నచ్చితే ఆ మనిషి రంగులో గుండె బొమ్మ ఎగిరొస్తుంది, యూసంగ్‌ది పచ్చ, సెవెన్‌ది ఎరుపు. నచ్చకపోతే గుండె పగిలిన బొమ్మ. పగలడం వరకూ నాకు ఇష్టమే. కానీ గుండెలు లెక్కపెట్టడం మొదలయ్యాక ఎదుటి మనిషి ఏమన్నాడో కాదు, ఏ ఆప్షన్‌కి మార్కులు పడతాయో చూస్తాం. జెన్ రూట్‌లో ఇది మరీ శ్రుతి మించింది. సెల్ఫీలు, పొగడ్తలు, అంతలోనే జీవితాంతం నీతోనే అనే కబుర్లు. పదకొండు రోజులకే అంతా? అయినా అర్ధగంట పెళ్లిచూపుల్లో తేల్చేసే మనం ఆ మాట అనకూడదేమో. ఆఖర్లో వచ్చే రహస్య ముఠా, బాంబుల కథ కూడా నాకు ఎక్కలేదు. ఫోన్‌లో ఒకరి గొంతు కోసం ఎదురుచూసే టెన్షన్ ముందు బాంబుల టెన్షన్ తేలిపోయింది.

పోల్చి చూసుకోవాలంటే ఫ్లోరెన్స్ అనే ఆట ఆడండి. మెల్‌బోర్న్‌లోని మౌంటెన్స్ స్టూడియో తయారుచేసింది, 2018 ప్రేమికుల రోజున విడుదలైంది. గంటలోపే అయిపోతుంది, చదవాల్సింది దాదాపు ఉండదు. ఇందులో ఫ్లోరెన్స్ అనే అమ్మాయికి చెలో (పెద్ద వయొలిన్ లాంటిది) వాయించే క్రిష్ అనే కుర్రాడు పరిచయమవుతాడు. మొదటి డేట్‌లో మాట్లాడాలంటే మాటల బుడగని ముక్కలుముక్కలుగా అతికించాలి. చనువు పెరిగేకొద్దీ ముక్కలు తగ్గిపోతాయి, మాట సులువుగా వచ్చేస్తుంది. గుండె బొమ్మ ఒక్కటీ లేకుండా చనువంటే ఏమిటో వేళ్లకి తెలిసిపోతుంది. మిస్టిక్ మెసెంజర్‌లో ఇంత నేర్పు లేదు, మనుషులు మాత్రం ఎక్కువమంది ఉన్నారు.

ఆడాలనుకునేవాళ్లకి రెండు మూడు మాటలు. ఆట ఇంగ్లిష్‌లో దొరుకుతుంది, గొంతులు కొరియన్. జెహీతో మొదలుపెట్టండి. జుమిన్, సెవెన్ రూట్లు ఇసుక గడియారాలు (ఈ ఆటలో డబ్బులాంటివి) ఇచ్చి తెరుచుకోవాలి. మిస్సయిన చాట్‌లో మళ్లీ దూరడానికీ అవే ఖర్చు. చాట్లలో అప్పుడప్పుడు ఊరికే దొరుకుతాయి, దాచుకోండి, డబ్బు పెట్టి కొనకండి. గురువారం మొదలుపెడితే పార్టీ ఆదివారం పడుతుంది, సెలవు పెట్టక్కర్లేదు. పీజీలో ఉండేవాళ్లు ఫోన్‌ని వైబ్రేషన్‌లో పెట్టుకోండి.