పాఠాలు బాగున్నాయి, సిలబస్ మారితేనే తిప్పలు

విజయవాడలోని ఈ అటానమస్ (సిలబస్, పరీక్షలు తానే చూసుకునే) డిగ్రీ కళాశాల బోధనకు వంక పెట్టలేం. తిప్పలన్నీ నిబంధనలు మారినప్పుడే. 2023-24లో రాష్ట్రంలో మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి సింగిల్ మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి, వచ్చింది. పాత బ్యాచ్ బ్యాక్‌లాగ్‌వాళ్లు (తప్పిన పేపర్లు మిగిలినవాళ్లు) ఏ పేపరుకు బదులు ఏది రాయాలో చెప్పే పట్టిక, ఫీజు గడువు ముంచుకొచ్చాక గానీ నోటీసు బోర్డు ఎక్కలేదు. ఆఫీసు కిటికీ దగ్గర అడిగితే డిపార్ట్‌మెంట్‌కి పొమ్మంటారు, అక్కడివాళ్లు మళ్లీ కిటికీకే పంపుతారు.

నిజానికి ఆ పట్టిక తేల్చడం బోర్డ్ ఆఫ్ స్టడీస్ పని, అంటే ఒక్కో శాఖ సిలబస్ చూసే కమిటీది. దానికి అధ్యక్షత శాఖాధిపతిది. అక్కడ తేలింది కళాశాల చదువుల వ్యవహారాలు చూసే అకడమిక్ కౌన్సిల్ ఆమోదించాలి. కౌన్సిల్లో సీనియారిటీ ప్రకారం వంతులవారీగా నలుగురు అధ్యాపకులుంటారు. గుమస్తాను నిలదీసి లాభం లేదు.

మీకూ ఇదే తిప్పలొస్తే, ఏ పేపరుకు బదులు ఏది రాయాలో చెప్పమని అర్జీ మూడు ప్రతులు రాయండి: శాఖాధిపతికి, పరీక్షల కంట్రోలర్‌కి, మీకు. హాల్‌టికెట్ నంబరు, చేరిన ఏడాది, పాత పేపర్ కోడ్ తప్పనిసరి; కోడ్ లేకపోతే ఏ సిలబస్‌దో తేలక కాగితం మూలన పడుతుంది. మీ ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

అధ్యాపకులకు నాలుగు నక్షత్రాలు. పాలనకు రెండు, అదీ దయతలచి.