పాడుతా తీయగా, తెలుగు ఇండియన్ ఐడల్: పాట అయ్యాక వచ్చే రెండు నిమిషాలు

పాటల పోటీ దేనికోసం నడుస్తోందో పాట వింటే తెలియదు. పాట ముగిశాక వచ్చే రెండు నిమిషాలు చూడాలి. ఆ సమయం పాటకు ఖర్చవుతోందా, పాడినవాళ్ల కన్నీళ్లకు ఖర్చవుతోందా అన్నదే అసలు లెక్క. ఈటీవీ 'పాడుతా తీయగా', ఆహా 'తెలుగు ఇండియన్ ఐడల్' విడిపోయేది సరిగ్గా అక్కడే.

'పాడుతా తీయగా' 1996లో మొదలైంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం దాన్ని పోటీలా కంటే తరగతిలా నడిపారు. పాడే ముందు సినిమా పేరు, రచయిత, సంగీత దర్శకుడు, అసలు పాడినవాళ్లు ఎవరో చెప్పించడం చూడటానికి చిన్న నియమమే. కానీ పాట వెనక ఇంతమంది ఉన్నారని ఇంట్లో కూర్చున్న పిల్లలకు తెలిసింది దానివల్లే. పాట అయ్యాక ఏ సంగతి (పాటలోని స్వరాల మెలిక) తేలిపోయింది, ఎక్కడ 'ళ' కాస్తా 'ల' అయింది, ఏ ఒత్తు మింగేశారు అని బాలు పేరుపేరునా చెప్పేవారు. మధ్యలో రికార్డింగు కబుర్లు సాగిపోయేవి, నిజమే. ఆ కబుర్లు కూడా ఆ పాట ఎలా పుట్టిందన్న దాని చుట్టూనే తిరిగేవి. ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ లాంటి గొంతులు బయటికొచ్చింది ఈ వేదిక మీంచే.

2020లో బాలు పోయాక, మరుసటి ఏడాది చివర్లో ఆయన కొడుకు చరణ్ వ్యాఖ్యాతగా కార్యక్రమం మళ్లీ మొదలైంది. అప్పుడు న్యాయనిర్ణేతలుగా చంద్రబోస్ సాహిత్యం గురించి, విజయ్ ప్రకాశ్ గొంతు వాడకం గురించి, సునీత భావం గురించి మాట్లాడుతుంటే వినసొంపుగానే ఉండేది. ఒకటే లోపం, పొగడ్త పాలు పెరిగింది. తప్పు చెప్పేటప్పుడు ముందూ వెనకా ఇంత తీపి పూస్తే ఆ పిల్లకు ఏది దిద్దుకోవాలో అర్థం కాదు.

ఇండియన్ ఐడల్ పుట్టుకే వేరు. 2001లో బ్రిటన్‌లో మొదలైన 'పాప్ ఐడల్' నమూనా ఇది. హిందీలోకి 2004లో, తెలుగులోకి 2022లో వచ్చింది. హిందీ పోటీని 2010లో గెలిచిన శ్రీరామచంద్రే ఇక్కడ తొలి సీజన్‌కు వ్యాఖ్యాత. వేదిక, వెలుగులు, వాద్యబృందం నిండుతనం, ఈ మూడింటిలోనూ ఇది పై మెట్టు మీదే ఉంది. తమన్ లాంటి, చేతినిండా సినిమాలున్న సంగీత దర్శకుడు న్యాయనిర్ణేత కుర్చీలో ఉన్నాడంటే, పాడేవాళ్లకు అది ట్రోఫీ కన్నా విలువైన విషయం. వాగ్దేవి, సౌజన్య, నసీరుద్దీన్ వరసగా తొలి మూడు సీజన్లు గెలిచారు. గెలవనివాళ్లు కూడా స్టేజి షోల్లో నిలదొక్కుకోవడానికి ఆ పేరు పనికొస్తుంది.

చిక్కంతా ప్రేక్షకులు వేసే ఓటుతో. ఓటు వేసేవాళ్లకు పాట ముందే తెలిసి ఉండాలి, మొదటి పది సెకన్లలోనే ఊపు రావాలి. అంచేత నెమ్మదిగా విచ్చుకునే పాటలు పక్కకు పోతాయి. పెద్ద హీరో అతిథిగా వచ్చిన వారమైతే ఆయన సినిమా పాటలదే రాజ్యం. మెలొడీకి సరిపోయే గొంతు మాస్ పాట అందుకుని, తారస్థాయిలో అరిచి, 'ఎనర్జీ' అని మెప్పు పొంది, తర్వాతి వారం బొంగురుపోతుంది. తప్పు ఆ పిల్లది కాదు, పాట ఎంపికది.

రెండు చోట్లా సమయం కోసం పాటను కోస్తారు. నాలుగైదు నిమిషాల పాటలో పల్లవి, ఒక చరణం మిగులుతాయి. రెండో చరణంలోనే అసలు మలుపు ఉన్న పాటను ఇలా కోస్తే తల ఒకటి మిగిలి మొండెం పోతుంది. పోటీకి వెళ్లేవాళ్లు మొదటి చరణంలోనే తమ బలం కనపడే పాట ఎంచుకోవడం మంచిది.

ఇక శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరస్థాయి; దాన్ని అంకెల్లో చెబుతారు, అంకె పెరిగితే స్థాయి పెరిగినట్టు. మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడిన పాటను అమ్మాయిలు నాలుగుకో ఐదుకో మారుస్తారు. తొందరపడి వాద్యకారులకు ఒక అంకె చెప్పేయకూడదు. ముందు పాటలో అన్నిటికన్నా కిందున్న స్వరం, అన్నిటికన్నా పైనున్న స్వరం పట్టుకుని ఆ రెండు చోట్లే పదేపదే పాడి చూడాలి. కింద మాట వినపడకపోతే అర శ్రుతి పెంచాలి, పైన కీచుమంటే అర శ్రుతి తగ్గించాలి. రిహార్సల్‌లో పొద్దున పాడి కుదిరిన శ్రుతి రాత్రి షూటింగ్ వేళకు అలసిన గొంతుకు అందదు, కాబట్టి పైన కొంచెం వెసులుబాటు ఉంచుకోవాలి. చెవిలో పెట్టుకునే మానిటర్‌లో వాద్యాల మోత ఎక్కువైతే తెలియకుండానే గొంతు చించుకుంటారు. తన గొంతు, తబలా, కీబోర్డు స్పష్టంగా వినిపించేలా సౌండ్ ఇంజినీరును ముందే అడగాలి. అడగడానికి మొహమాటపడి పాడైపోయిన పాటలు చాలానే ఉంటాయి.

చూసేవాళ్లకూ ఒక కిటుకు. ప్రసారానికి ముందు ధ్వనిని మిక్స్ చేస్తారు. ఎకో కలపొచ్చు, హెచ్చుతగ్గులు సర్దొచ్చు, సాంకేతికంగా చూస్తే శ్రుతిని కూడా దిద్దొచ్చు. ఊపిరి ఎక్కడ తీశారన్నది, అక్షరం ఎలా పలికారన్నది మాత్రం దిద్దడం కష్టం. 'కలువరేకులు' అన్న మాటను 'కలువ' దగ్గర తెంపి గాలి పీల్చినవాళ్లను ఏ మిక్సింగూ కాపాడదు. ఎవరు బాగా పాడారని ఇంట్లో వాదన వస్తే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ రెండూ వినండి, శ్రుతి సంగతి తర్వాత.

సంగీతం నేర్చుకుంటున్న పిల్లలుంటే పాత 'పాడుతా తీయగా' ఎపిసోడ్లే పెట్టండి, అందులోనూ బాలు తప్పులు చెప్పే భాగం దాటేయకుండా. అమెరికాలోని తెలుగు పిల్లలతో చేసిన భాగాలు అక్కడి తల్లిదండ్రులకు మరీ ఉపయోగం. ణ, ళ, మహాప్రాణాలు పలకడంలో వచ్చే ఇబ్బందులు అందులో బాగా తెలుస్తాయి. ఇరవై దాటి, గొంతు స్థిరపడి, సినిమాల్లో పాడాలన్న పట్టుదల ఉన్నవాళ్లకు ఐడల్ ఆడిషనే దగ్గరి దారి. అక్కడికి వెళ్లేటప్పుడు ఒక మెలొడీ, ఒక బీటు పాట, శాస్త్రీయ ఛాయ ఉన్నది ఒకటి, వాద్యాలు లేకుండా పాడగలిగేలా సిద్ధం చేసుకోండి. శ్రుతిపెట్టె లేకపోయినా ఎత్తుగడ తడబడకుండా రావాలి.