ఆండ్రాయిడ్ 12 నుంచి 14 దాకా ఒకే ఫోన్: అప్డేట్ల తంటాలు

నాది మధ్యరకం ఫోన్. ఆండ్రాయిడ్ 12తో వచ్చింది, తర్వాత 13, 14 రెండూ అందుకుంది. కెమెరా గురించీ స్క్రీన్ గురించీ అది కొత్తగా వచ్చినప్పుడే అందరూ రాసేశారు కాబట్టి వాటి జోలికి పోను. ఇన్నాళ్లు వాడాక నాకు బాగా తెలిసొచ్చింది అప్డేట్ల సంగతే. ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను: అప్డేట్ తర్వాత కనిపించే గోలలో చాలా భాగం దానంతట అదే సర్దుకుంటుంది. సర్దుకోనిది ఎక్కడ మొదలైందో పట్టుకుంటే చాలు, ఫోన్ మొత్తం తుడిచేయాల్సిన అవసరం అరుదుగా వస్తుంది.

మొదట వచ్చేది వేడి, దాంతోపాటే బ్యాటరీ. 13 పడగానే నా ఫోన్ జేబులో ఉండగానే వెచ్చబడింది, సాయంత్రానికల్లా ఛార్జింగ్ అడిగింది. దీనికి కారణం ఉంది. సిస్టమ్ మారాక యాప్‌లను దానికి తగ్గట్టు ఫోన్ మళ్లీ కంపైల్ చేసుకోవాలి, అంటే వాటి కోడ్‌ని తను నేరుగా నడపగల రూపంలోకి మార్చుకోవాలి. ఈ పనిలో ఎక్కువ భాగాన్ని ఛార్జింగ్‌లో ఉండి, ఎవరూ ముట్టుకోనప్పుడు చేస్తుంది. అందుకే అప్డేట్ చేసిన రాత్రి ఫోన్‌ని ఛార్జర్‌కి పెట్టి వదిలేయడం మంచిది. పడుకునేదాకా వీడియోలు చూస్తూ, పొద్దున్నే లేచి "ఇంకా తగ్గలేదేంటి" అని తిట్టుకుంటే దానికి టైమ్ ఎక్కడ దొరుకుతుంది? రెండు మూడు రోజులయ్యాక కూడా తగ్గకపోతే అప్పుడు సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం జాబితా చూడాలి. నా విషయంలో 13కి వేడి తగ్గిపోయింది, 14కి తగ్గలేదు. దాని కథ కింద చెబుతాను.

అసలు ఇన్‌స్టాలే కాకపోవడం ఇంకో రకం. డౌన్‌లోడ్ అవుతుంది, బార్ చాలా దూరం వెళ్తుంది, చివర్లో విఫలమైందని చూపిస్తుంది. నాకు ప్రతిసారీ కారణం స్టోరేజే. ఫైల్ సైజుకి సరిపడా ఖాళీ ఉంటే చాలదు. ఆండ్రాయిడ్ 11 నుంచి వస్తున్న పద్ధతిలో, మనం ఫోన్ వాడుకుంటూ ఉండగానే కొత్త సిస్టమ్ వెనకాల తయారవుతుంది, దానికి మన స్టోరేజ్‌లోంచి కూడా చోటు తీసుకుంటుంది. పాత వీడియోలు కొన్ని తీసేసి రీస్టార్ట్ చేసి మళ్లీ నొక్కితే పని జరిగిపోయేది. ఈ పద్ధతిలో నాకు నచ్చిన విషయం, కొత్త సిస్టమ్ సరిగ్గా బూట్ కాకపోతే (అంటే ఆన్ అవకపోతే) ఫోన్ పాతదానికే వెనక్కి వెళ్తుంది. కాబట్టి "అప్డేట్ విఫలమైంది" అని కనిపించగానే ఫొటోలన్నీ పోయాయని టెన్షన్ పడక్కర్లేదు. అయినా బ్యాకప్ తీశాకే అప్డేట్ నొక్కండి.

చాలామంది గమనించనిది ఏమిటంటే, ఫోన్‌కి వచ్చే అప్డేట్ ఒక్కటే కాదు. కంపెనీ ఇచ్చే పెద్దది ఒకటి. గూగుల్ ప్లే సిస్టమ్ అప్డేట్ అని ఇంకొకటి ఉంది, 2019లో ఆండ్రాయిడ్ 10తో మొదలైంది. ఇది చప్పుడు లేకుండా దిగి, రీస్టార్ట్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఇక మూడోది యాప్‌ల అప్డేట్. తప్పు ఏ దాంట్లో ఉందో చూడకుండా పెద్దదాన్నే తిట్టడం మనకి అలవాటు. 2021 మార్చిలో జీమెయిల్‌తో సహా ఎన్నో ఆండ్రాయిడ్ యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. చాలామంది ఫోనే పాడైందనుకున్నారు. నిజానికి తేడా వచ్చింది ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే ఒక్క భాగంలో, యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించేది అదే. దానికి వచ్చిన కొత్త అప్డేట్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే యాప్‌లు మళ్లీ తెరుచుకున్నాయి, తర్వాత గూగుల్ సరిచేసిన వెర్షన్ ఇచ్చింది. అప్పట్లో ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసుకున్నవాళ్లని తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది.

14 తర్వాత నా ఫోన్ వేడి తగ్గలేదన్నాను కదా. దాన్ని తేల్చింది సేఫ్ మోడ్. పవర్ మెనూ తెచ్చి, పవర్ ఆఫ్ మీద వేలు పెట్టి గట్టిగా ఉంచితే చాలా ఫోన్లలో ఆ ఆప్షన్ వస్తుంది. అందులో మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు. ఆ స్థితిలో నా ఫోన్ చల్లగా ఉంది. అంటే సిస్టమ్‌ది కాదు తప్పు, యాప్‌ది. ఎప్పటినుంచో అప్డేట్ చేయని ఒక ఫైల్ క్లీనర్ యాప్ వెనకాల ఆగకుండా తిరుగుతోంది. తీసేశాను, అంతటితో సరి. (ఫోన్‌ని వేగంగా చేస్తామని చెప్పే యాప్‌ల మీద నాకు ఎప్పుడూ గౌరవం లేదు, ఇప్పుడు అసలే లేదు.)

మెసేజ్‌లు ఆలస్యంగా రావడం కూడా 14తోనే మొదలైంది. బ్యాటరీ పొదుపు సెట్టింగ్స్‌ని అప్డేట్ మళ్లీ మొదటికి తెచ్చింది. ముఖ్యమైన యాప్‌లకి బ్యాటరీ వాడకంలో పరిమితి తీసేస్తే బాగైంది. వైఫై నత్తనడక నడిస్తే నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ పనిచేసింది, కాకపోతే సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి, బ్లూటూత్ జతలు కూడా. ఇయర్‌ఫోన్స్ మాటిమాటికీ కట్ అవడం మాత్రం నేనేం చేసినా పోలేదు. మళ్లీ జత కలిపాను, రీసెట్ చేశాను, ఏ మార్పూ లేదు. తర్వాత వచ్చిన ప్యాచ్‌తో, అంటే తప్పులు సరిదిద్దే చిన్న అప్డేట్‌తో పోయింది. ఆ ప్యాచ్ వివరాల్లో కంపెనీ రాసింది "సిస్టమ్ స్థిరత్వం మెరుగుపరిచాం" అని ఒక్క ముక్క. ఏం పాడైందో, ఏం బాగుచేశారో ఒక్క లైను రాస్తే వాళ్ల సొమ్మేం పోయేది? ఈ విషయంలో ఈ కంపెనీకి సున్నా మార్కులు.

రికవరీలోకి (ఫోన్ మామూలుగా తెరుచుకోకుండా వచ్చే మరమ్మతు మెనూలోకి) వెళ్లి క్యాష్, అంటే తాత్కాలిక ఫైళ్లు తుడవమనే సలహా ఇప్పటికీ ఎక్కడ చూసినా కనిపిస్తుంది. నా ఫోన్‌లో ఆ ఆప్షనే లేదు. కొత్త సిస్టమ్ వెనకాల తయారయ్యే పద్ధతి వచ్చాక చాలా ఫోన్లకి ఆ క్యాష్ విభాగం అవసరం లేకుండా పోయింది. మీ ఫోన్‌లో ఉంటే తుడవండి, డేటా పోదు. కానీ దాని పక్కనే డేటా మొత్తం తుడిచే ఆప్షన్ ఉంటుంది, చూసుకుని నొక్కండి.

ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే పాత ఆండ్రాయిడ్ తిరిగొస్తుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. రాదు. డేటా మాత్రమే పోతుంది, వెర్షన్ అదే ఉంటుంది. రీసెట్ తప్పదనుకుంటే ముందు గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుంచి, రికవరీలోంచి తుడిచిన ఫోన్ పాత అకౌంట్ అడుగుతుంది. చాట్ బ్యాకప్, రెండంచెల లాగిన్ కోడ్‌లు ఇచ్చే యాప్ కూడా ముందే వేరేచోట భద్రం చేసుకోవాలి. ఆ కోడ్‌లు పోతే ఫోన్ బాగైనా అకౌంట్లలోకి వెళ్లలేం. పాత వెర్షన్‌కి దిగాలంటే చాలా ఫోన్లలో బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేయాలి, అది కూడా డేటా తుడిచేస్తుంది. నేను ఆ దారికి పోలేదు.

15 ఈ ఫోన్‌కి రాదని కంపెనీ తేల్చేసింది, నాకేమీ బాధ లేదు. సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రం మొదట్లో నెలనెలా వచ్చేవి, ఇప్పుడు మూడు నెలలకోసారి వస్తున్నాయి. ప్లే సిస్టమ్ అప్డేట్‌లు ఇంకా దిగుతున్నాయి గానీ అవి ఈ ప్యాచ్‌లకి పూర్తి బదులు కావు. బ్యాంకు యాప్ ఇందులోనే ఉంది కాబట్టి, ప్యాచ్‌లు పూర్తిగా ఆగిపోయాక ఫోన్ మారుస్తాను. అప్పటిదాకా ఇదే వాడతాను.